తలుపు దగ్గర జవాబు చెప్పేదెవరు?



బేత్లెహేము సత్రంలో మరియతల్లికి, పునీత జోజప్పగారికి చోటు దొరకలేదని ప్రతి క్రిస్మసుకూ వింటున్నాం. సత్రం యజమాని గురించి లూకాగారి సువిశేషం ఒక్క మాట కూడా చెప్పదు. అయినా మన పిల్లల నాటకాల్లో లాంతరు పట్టుకుని, తల అడ్డంగా ఊపే ఒక మనిషి తప్పకుండా ఉంటాడు. ఎందుకంటే 'చోటు లేదు' అని చెప్పడానికి ఒక మనిషి ఉండాలని మన మనసుకు తెలుసు. ఆ మనిషి నిండు చూలాలి ముఖం చూస్తాడు. కాదన్నా, ఒక్క క్షణమైనా అతని మనసు మారే వీలుంది.

నేడు అమెరికాలో అద్దె ఇంటి కోసం తిరిగే ఎంతోమందికి ఆ క్షణం దొరకడం లేదు. దరఖాస్తు పంపుతారు. ఒక కంపెనీ కంప్యూటరు వారి పాత అప్పులు, కోర్టు కాగితాలు, చిరునామాలు క్షణాల్లో పరిశీలించి మార్కులు వేస్తుంది. ఆ మార్కులు చూసి ఇంటివారు అవుననో కాదనో చెబుతారు. ఎందుకు కాదన్నారని అడిగితే, మాకు తెలియదు, కంప్యూటరు ఒప్పుకోలేదు అంటారు. దీనికి వాడే తెలివినే కృత్రిమ మేధ అంటున్నారు.

ఈ సంగతి మన పత్రికలో ఎందుకని కొందరు అనుకోవచ్చు. మన విచారణల్లో పిల్లలను చదువుకో ఉద్యోగానికో అమెరికా పంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలు విమానం దిగగానే వెతికేది అద్దె ఇల్లే. పైగా ఆ దేశపు యువతకు ఇప్పుడు ఒక కొత్త రకం శిక్షణ దొరుకుతోంది. ఇళ్ళ విషయంలో వివక్ష ఉండకూడదని పోరాడే సంస్థల్లో, కృత్రిమ మేధను బాధ్యతగా వాడాలని ప్రజలకు తెలియజెప్పే సమాచార విభాగంలో ఇంటర్న్‌షిప్ అది. మీ అమ్మాయో అబ్బాయో ఫోనులో ఆ మాట చెబితే మీకు వెంటనే అర్థం కాకపోవచ్చు. అది కంప్యూటరు ఉద్యోగమా, ఇళ్ళ వ్యాపారమా, పత్రికల పనా అని అడుగుతారు. జీతం ఎంత అని కూడా అడుగుతారు. ఆ పని ఎందుకు అవసరమో, అది క్రైస్తవునికి ఎంత తగినదో ఈ వారం మీతో చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఒక తల్లి కథ వినండి. ఇది కోర్టు కాగితాలకెక్కిన సంగతి. కనెక్టికట్ రాష్ట్రంలో ఒక తల్లికి యువకుడైన కుమారుడున్నాడు. 2015లో ఘోర ప్రమాదం జరిగి అతను నడవలేని, మాట్లాడలేని స్థితికి చేరాడు. శుశ్రూషాలయంలో ఉంచారు. 2016లో ఆ తల్లి, నా బిడ్డను నా దగ్గరే ఉంచుకుని చూసుకుంటానని తన అద్దె ఇంటివారికి దరఖాస్తు పెట్టింది. వారు కంప్యూటరు పరీక్ష చేయించారు. అనర్హుడు, నేర రికార్డు ఉంది అని జవాబు వచ్చింది. ఏమిటా నేరమో ఇంటివారికీ చెప్పలేదు, తల్లికీ చెప్పలేదు. చివరకు తేలిందేమిటంటే, ప్రమాదానికి ముందు 2014లో దుకాణంలో చిన్న దొంగతనం చేశాడని అతనిపై వచ్చిన ఆరోపణ అది. శిక్ష పడలేదు, కేసు కొట్టివేశారు కూడా. నడవలేని, మాట్లాడలేని బిడ్డ ఇరుగుపొరుగుకు ప్రమాదకారి అని యంత్రం తేల్చిందన్నమాట! ఏడాది గడిచి 2017లో గాని అతను తల్లి చెంతకు చేరలేదు. 2018లో న్యాయస్థానానికెక్కిన ఆ వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచింది.

ఆ కథలో దుర్మార్గుడు ఎవరో వెతకండి, మీకు కనిపించడు. ఇంటి కార్యాలయంలో ఉన్నవారు కంప్యూటరును నమ్మారు. కంప్యూటరు కంపెనీవారు, మేము సమాచారం ఇచ్చాం, నిర్ణయం ఇంటివారిది అన్నారు. అందరూ తమ తమ పని చేశారు, బిడ్డ మాత్రం తల్లికి దూరమయ్యాడు. ఆదికాండంలో దేవుడు కయీనును అతని తమ్ముని గురించి అడిగినప్పుడు, తమ్మునికి కాపలా కాయడం నా పనా అన్న భావంతో కయీను తప్పించుకోజూశాడు. 'కంప్యూటరు ఒప్పుకోలేదు' అనేది అదే జవాబుకు ఈ కాలపు రూపం.

అయితే మీరొక ప్రశ్న వేయవచ్చు. మనిషికి పక్షపాతం ఉంటుంది, యంత్రానికి కులమా, మతమా, రంగా? మనిషికన్నా యంత్రమే న్యాయంగా ఉండదా? మంచి ప్రశ్నే. దీనికి జవాబు కావాలంటే ఆ యంత్రం ఏ బడిలో చదువుకుందో తెలుసుకోవాలి. కృత్రిమ మేధ ఆకాశం నుంచి ఊడిపడలేదు. గతంలో ఎవరికి ఇల్లిచ్చారు, ఎవరికి అప్పిచ్చారు, ఎవరిని కాదన్నారు అనే పాత లెక్కలే దాని పాఠ్యపుస్తకాలు.

ఆ పాఠ్యపుస్తకాల్లో ఏముంది? 1933లో అమెరికా ప్రభుత్వం ఇళ్ళ రుణాల కోసం ఒక సంస్థను స్థాపించింది. కొద్ది ఏళ్ళలోనే ఆ సంస్థ 200కు పైగా నగరాల పటాలు గీయించి, పేటలకు రంగులు వేయించింది. మంచి పేటకు ఆకుపచ్చ, తర్వాతిదానికి నీలం, ఆ తర్వాత పసుపు, అప్పు ఇవ్వడం ప్రమాదం అనుకున్న పేటకు ఎరుపు. నల్లజాతివారు నివసించే పేటలకు దాదాపు ఎప్పుడూ ఎరుపే. వలస వచ్చిన పేదల పేటలకు కూడా అనేకచోట్ల అదే గతి. ఎర్రగీత లోపల ఇల్లు కొనడానికి అప్పు పుట్టదు. అప్పు లేక సొంత ఇల్లు లేదు, ఇల్లు లేక పిల్లలకు ఆస్తి లేదు. తాతకు మూసిన తలుపు మనవడికి కూడా మూసుకునే ఉంది.

ఈ పాపంలో మన కతోలికుల వాటా లేదనుకోకండి. 1966 ఆగస్టు 5న చికాగో నగరంలోని మార్క్వెట్ పార్క్ ప్రాంతంలో, అందరికీ ఇళ్ళు అద్దెకివ్వాలి, అమ్మాలి అంటూ మార్టిన్ లూథర్ కింగ్‌గారు ప్రదర్శన నడిపారు. రాళ్ళ వాన కురిసింది. ఆయన తలకు రాయి తగిలి మోకాళ్ళపై ఒరిగిపోయారు. ఆ పేటలో ఉన్నవారిలో ఎక్కువమంది ఆదివారం దివ్యపూజకు వెళ్ళే కతోలికులే. ప్రదర్శనలో నడిచిన గురువులను, మఠకన్యలను చూసి జనం దూషించారు. 1979లో అమెరికా మేత్రాణులు తమ ఉమ్మడి లేఖలో జాత్యహంకారం పాపమని తేటతెల్లంగా రాయవలసి వచ్చిందంటే, ఆ మాట వినవలసినవారు దేవాలయం లోపల కూడా ఉన్నారు కనుకనే.

కింగ్‌గారు 1968 ఏప్రిల్ 4న హత్యకు గురయ్యారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 11న, ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే 'ఫెయిర్ హౌసింగ్' చట్టంపై అమెరికా అధ్యక్షుడు సంతకం చేశారు. జాతి, రంగు, మతం, పూర్వులది ఏ దేశం అన్నవాటిని బట్టి ఇల్లు నిరాకరించకూడదని ఆ చట్టం చెప్పింది. 1974లో స్త్రీపురుష భేదాన్ని, 1988లో అంగవైకల్యాన్ని, పిల్లలున్న కుటుంబమన్న కారణాన్ని ఆ జాబితాలో చేర్చారు. ఉద్దేశం చెడ్డది కాకపోయినా, తగిన కారణం లేని నిబంధన వల్ల ఒక వర్గానికి అన్యాయం జరిగితే ఆ చట్టం కింద ప్రశ్నించవచ్చని 2015లో అక్కడి సుప్రీంకోర్టు కూడా సమ్మతించింది.

చట్టం మారింది గాని పాత లెక్కలు చెరిగిపోలేదు. యంత్రానికి జాతి పేరు చెప్పకపోయినా పిన్‌కోడు చెబుతాం. ఎర్రగీత పేటల్లో పెరిగినవారి పిన్‌కోడు వారి రంగును చెప్పేస్తుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. మన పట్టణాల్లో అద్దె ఇంటికి వెళితే ఇంటివారు సూటిగా కులం అడగరు. "బాబూ, మీ ఇంటిపేరేమిటి?" అంటారు. ఊరేది, మీ నాన్నగారేం చేస్తారు, మీరు మాంసం తింటారా అంటారు. బోర్డు మీద 'శాకాహారులకు మాత్రమే' అని ఉంటుంది. చివరకు, మా బంధువులు వస్తున్నారండీ, ఇల్లు ఖాళీ లేదు అంటారు. ఇంటిపేరు కారణంగా ఇల్లు దొరకనివారు మన దేవాలయాల్లో ప్రతి ఆదివారం మోకరిస్తున్నారు. ఇంటిపేరును బట్టి మనిషిని కొలిచే ఇంటివారి పాత లెక్కలన్నీ రేపు ఒక యంత్రానికి నేర్పితే, అది కులం అనే మాట ఒక్కసారి కూడా పలకకుండానే కులం చూస్తుంది. అమెరికాలో జరిగింది సరిగ్గా ఇదే.

పునీత తోమాస్ అక్వినాస్‌గారు పక్షపాతమనే పాపాన్ని వివరిస్తూ మంచి ఉదాహరణ ఇచ్చారు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవారికి అది గుర్తుండే ఉంటుంది. తగినంత పాండిత్యం ఉందని ఒకరిని ఆచార్యునిగా నియమిస్తే అది న్యాయం. ఎందుకంటే పాండిత్యం ఆ పదవికి సంబంధించిన కారణం. పాండిత్యాన్ని చూడక, ఇతను పేతురు, ఇతను మార్టిన్ అని నియమిస్తే అది పక్షపాతం. ఎంత చక్కని గీటురాయి! అద్దె ఇంటికి సంబంధించిన కారణం ఏమిటి? అద్దె చెల్లించగలడా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటాడా అన్నదే. చర్మం రంగు, పిన్‌కోడు, ఇంటిపేరు, కొట్టివేసిన పాత కేసు ఆ కారణాలు కావు. అవి గుర్తులు మాత్రమే. గుర్తును కారణమనుకోవడం తర్కంలో తప్పు. మనిషి విషయంలో ఆ తప్పు చేస్తే అది అన్యాయం. సభలోకి బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవానికి మంచి ఆసనం, మాసిన బట్టలవానికి నేల చూపవద్దని యాకోబుగారి లేఖ మందలించింది ఇందుకే.

మరి ఇదంతా లోకానికి ఎలా తెలిసింది? ఎవరో ఒకరు అడిగారు గనుక, మరొకరు అందరికీ అర్థమయ్యేలా చెప్పారు గనుక. 2016లో ప్రోపబ్లికా అనే సంస్థ విలేఖరులు పరీక్షించాలని ఫేస్‌బుక్‌లో ఇళ్ళకు సంబంధించిన ఒక ప్రకటన కొన్నారు. దాన్ని నల్లజాతివారికి, ఆసియా వారికి కనిపించకుండా చేయవచ్చా అని చూశారు. చేయగలిగారు! గోడ మీద బోర్డు ఉంటే దారిన పోయేవారందరూ చూస్తారు. ఈ బోర్డు మాత్రం కొందరి కళ్ళకు కనిపించదు. తనకు కనిపించని బోర్డు గురించి ఎవరు ఫిర్యాదు చేస్తారు? 2019లో అమెరికా గృహవసతి శాఖ ఆ కంపెనీపై అభియోగం మోపింది. 2022 జూన్‌లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ 1,15,054 డాలర్ల జరిమానా కట్టి, ఇళ్ళ ప్రకటనలు ఎవరికి చూపాలో నిర్ణయించే పద్ధతిని మార్చుకోవడానికి అంగీకరించింది.

అలాగే మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇద్దరు నల్లజాతి స్త్రీలు 2022లో సేఫ్‌రెంట్ అనే కంపెనీపై వ్యాజ్యం వేశారు. వారిలో ఒకరు ఏళ్ళ తరబడి అద్దె సక్రమంగా కట్టిన మనిషి. అద్దెలో కొంత ప్రభుత్వమే చెల్లించే సహాయపత్రం కూడా ఉంది. అయినా యంత్రం వేసిన మార్కులు చాలలేదు. మళ్ళీ పరిశీలించమంటే, పైన అప్పీలు లేదన్నారు. 2024 నవంబరులో న్యాయమూర్తి ఆమోదించిన రాజీ ప్రకారం, ఆ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 22 లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి అంగీకరించింది. స్వతంత్ర నిపుణులు పరీక్షించి సరేననేవరకు, అటువంటి సహాయపత్రాలున్నవారికి ఐదేళ్ళపాటు ఆ మార్కులు వేయబోమని కూడా ఒప్పుకుంది.

ఇక ఆ ఇంటర్న్‌షిప్ దగ్గరికి వద్దాం. ఇళ్ళ విషయంలో న్యాయం కోసం 1988 నుంచి పనిచేస్తున్న 'నేషనల్ ఫెయిర్ హౌసింగ్ అలయన్స్' వంటి సంస్థలు ఇప్పుడు కృత్రిమ మేధను కూడా తమ పనిలో చేర్చుకున్నాయి. అక్కడ నిపుణులు యంత్రాలను పరీక్షిస్తారు, న్యాయవాదులు వాదిస్తారు. వారు రాసే నివేదిక వంద పుటలుంటుంది. రాత్రి డ్యూటీ చేసి అలసి వచ్చిన తల్లి దాన్ని చదవగలదా? ఆ వంద పుటలను ఒక కరపత్రంగా మార్చేవారు కావాలి. మీకు ఇల్లు నిరాకరిస్తే కారణం అడగండి, ఇలా అడగండి, ఇక్కడ అడగండి అని చెప్పేవారు కావాలి. విలేఖరులకు ఫోను చేయాలి, శాసనసభ్యులకు ఉత్తరం రాయాలి, మాటను పెంచకుండా తుంచకుండా చెప్పాలి. ఇరవై ఏళ్ళ అమ్మాయో అబ్బాయో చేసే పని ఇదే. పేరు రాదు, డబ్బు అంతంత మాత్రం. కానీ నోరు లేనివారి పక్షాన నోరు తెరవమని సామెతల గ్రంథం చెప్పిన పని అది. సమాచార సాధనాలను మానవుల మేలుకు వాడాలని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే ఒక ప్రత్యేక శాసనం వెలువరించింది. ఈ బిడ్డలు దాన్ని ఆచరణలో చూపుతున్నారు.

శ్రీసభ ఈ విషయంలో మౌనంగా లేదు. 1987 నిరాశ్రయుల అంతర్జాతీయ సంవత్సరంలో, న్యాయశాంతుల పరిశుద్ధ పీఠ సంఘం ఇళ్ళ సమస్యపై ఒక పత్రం వెలువరించింది. ఇల్లులేని నీ సోదరుని ఏం చేశావన్న ప్రశ్నే దాని పేరు. కయీనును అడిగిన ప్రశ్నే మళ్ళీ! 2020 ఫిబ్రవరి 28న రోమునగరంలో జీవపరిరక్షణ పరిశుద్ధ పీఠ అకాడమీతో కలిసి మైక్రోసాఫ్ట్, ఐబీఎం వంటి కంపెనీలు ఒక పిలుపుపై సంతకం చేశాయి. యంత్రం చేసేది వివరించగలగాలి, ఎవరినీ వెలివేయకూడదు, ఎవరో ఒకరు బాధ్యత వహించాలి, పక్షపాతం ఉండకూడదు, నమ్మదగినదై ఉండాలి, మనుషుల వ్యక్తిగత సంగతులు భద్రంగా ఉంచాలి అన్నవి అందులోని ఆరు సూత్రాలు. 2025 జనవరిలో వాటికన్ వెలువరించిన 'అంతీక్వా ఎత్ నోవా' పత్రం, యంత్రం నిర్ణయించినా నైతిక బాధ్యత మనిషిదేనని నొక్కి చెప్పింది. అదే ఏడాది మే నెలలో ఎన్నికైన పోపు 14వ లియో జగద్గురువులు తాము ఆ పేరు ఎన్నుకోవడానికి కారణం చెబుతూ, 1891లో కార్మికుల పక్షాన విశ్వలేఖ రాసిన 13వ లియో పాపుగారిని, నేటి కృత్రిమ మేధ విసురుతున్న సవాలును కలిపి ప్రస్తావించారు.

యంత్రం మీద ద్వేషం పెంచుకోమని దీని అర్థం కాదు. ఏ కారణాన్ని చూడమంటే దాన్నే అది చూస్తుంది. అమెరికాలో ఇళ్ళ రుణాలకు వెన్నుదన్నుగా ఉండే 'ఫ్యానీ మే' సంస్థ, దరఖాస్తుదారు క్రమం తప్పకుండా అద్దె కట్టాడా అన్నది కూడా లెక్కలోకి తీసుకునేలా 2021లో తన కంప్యూటరు పద్ధతిని మార్చింది. అంతవరకు పేదవాని నిజాయితీ లెక్కకు రాలేదు, అప్పటినుంచి వస్తోంది. చాకు ఒకటే, వంటింట్లో ఒక పని చేస్తుంది, వీధిలో మరొక పని చేస్తుంది. పట్టుకున్న చెయ్యి ఎవరిదో చెప్పగలగాలి, అంతే.

కాబట్టి ప్రియ సహోదరులారా, మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. అమెరికాలో ఉన్న మీ పిల్లలకు ఈ మాట చెప్పండి. అద్దెదారుల పరీక్ష నివేదికను చూసి ఇల్లు నిరాకరిస్తే, ఆ నివేదిక ఇచ్చిన కంపెనీ పేరు చెప్పవలసిన బాధ్యత ఇంటివారిది. 60 రోజుల్లోగా అడిగితే నివేదిక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే సరిదిద్దమని కోరే హక్కు ఉంది. 1970 నాటి చట్టం ఇచ్చిన హక్కు ఇది. సిగ్గుపడి ఊరుకోవద్దని చెప్పండి.

మీ పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తుంటే, వారిని ఒక్క ప్రశ్న అడగండి. "నువ్వు రాసిన లెక్క ఎవరినైనా కాదంటే, ఎందుకు కాదందో వారికి చెప్పగలవా?" చెప్పలేకపోతే ఆ పని ఇంకా పూర్తి కాలేదని నెమ్మదిగా చెప్పండి.

మీకు అద్దెకిచ్చే ఇల్లుంటే ఈ మాట మీకే. ఈసారి ఎవరైనా తలుపు తడితే ఇంటిపేరు అడగకండి. అద్దె సంగతి మాట్లాడండి, మంచినీళ్ళివ్వండి, మనిషిని చూడండి. కాదనవలసివస్తే నిజమైన కారణం ముఖం మీదే చెప్పండి. ముఖం చూసి చెప్పలేని కారణమైతే, అది చెప్పదగ్గ కారణం కాదని మీ అంతరాత్మే సాక్ష్యమిస్తుంది.

మీ బిడ్డ ఎవరైనా ఇటువంటి ఇంటర్న్‌షిప్‌లో చేరతానంటే, జీతం గురించి అడిగే ముందు తలమీద చెయ్యి ఉంచి దీవించండి.

పరదేశినై ఉన్నప్పుడు నన్ను చేర్చుకున్నారా అని కడపటి దినాన ప్రభువు మనల్ని అడుగుతారని మత్తయిగారి సువిశేషం హెచ్చరిస్తోంది. ఆ ప్రశ్నకు కంప్యూటరు జవాబు చెప్పదు, మీరు చెప్పాలి, నేను చెప్పాలి. తల దాచుకునేందుకు చోటు వెతుక్కున్న తిరుకుటుంబం మన ఇళ్ళను, మన తలుపులను, ఆ తలుపుల దగ్గర మనం చెప్పే మాటలను కాపాడుగాక.

ఆమెన్.